దయచేసి అనే ఒక్క మాట

సంసారపక్షపు పత్రికలో తుపాకీ ఆట గురించి రాస్తున్నాడేమిటీ బ్యాంకాయన అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మా ఆవిడా అదే మాట అంది. ఫిక్సెడ్ డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాలు... ఈ శీర్షికలో నేను రాసే సంగతులు అవీ. అయినా ఈ మూడు నెలల్లో నా నిద్ర చెడగొట్టింది ఒక వీడియో గేమ్. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది హోసూరు, నా కొలువు కృష్ణగిరిలో. రోజూ యాభై కిలోమీటర్లు పోనూ, యాభై రానూ. మా వాడు సరిగ్గా ఎదురు దిక్కున బెంగుళూరుకి పోతాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం గాని, తండ్రీకొడుకులం తీరిగ్గా మాట్లాడుకోవడానికి ఉన్నది ఆదివారం ఒక్కటే. దాన్ని కూడా కంప్యూటర్ ఎత్తుకుపోయిందని నా బాధ. ఒక ఆదివారం వాడే పిలిచాడు. "ఒక్క గంట కూర్చో నాయనా, ఇందులో నీ లెక్కలే ఉండాయి" అన్నాడు. ఆ గంట నాలుగు ఆదివారాలైంది.

ఆట పేరు 'బయోషాక్'. 2007 ఆగస్టులో విడుదలైంది. రూపకర్త కెన్ లెవిన్ అనే అమెరికన్. ఈ జాతి ఆటల్ని ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు. తెరమీద కథానాయకుడు కనిపించడు. అతని చేతులు, చేతిలో తుపాకీ మాత్రం కనిపిస్తాయి. చూసే కళ్ళు మనవి. రక్తపాతం ఎక్కువే. అమెరికాలో 17 ఏళ్ళు నిండినవారికే అనే ముద్ర వేశారు. పిల్లలున్న ఇళ్ళలో ఆ ముద్రను మన్నించడం మంచిది.

కథ 1960లో జరుగుతుంది. అట్లాంటిక్ సముద్రంలో విమానం కూలి, జాక్ అనే యువకుడు ఈదుకుంటూ ఒక దీపస్తంభం చేరతాడు. అక్కడి నుంచి నీటి అడుగున ఉన్న 'రాప్చర్' నగరానికి దిగుతాడు. ఆండ్రూ ర్యాన్ అనే కోటీశ్వరుడు 1946లో మొదలుపెట్టి కట్టించిన ఊరది. పన్నుల్లేవు, సర్కారు పెత్తనం లేదు, ధర్మసత్రాల్లేవు. ఎవడి సంపాదన వాడిది. అయాన్ ర్యాండ్ అనే రచయిత్రి బోధించిన సిద్ధాంతాన్ని ఊరుగా కట్టి, అది ఎలా కూలిందో చూపించారు. ఆ ధనికుడి పేరులోనే ఆమె పేరు వినిపిస్తుంది.

నేను బి.కాం. చదివిన రోజుల్లో అడ్డులేని వ్యాపారం గురించి పేజీలకు పేజీలు బట్టీపట్టాను. ఇక్కడ దాన్ని కళ్ళతో చూశాను. అందరూ షావుకార్లవుదామని వచ్చిన ఊళ్ళో కూలి చేసేదెవరు? బయటి ప్రపంచంతో సంబంధం కూడదని కట్టడి చేస్తే దొంగ రవాణా పుట్టింది. దాంతో ఫాంటేన్ అనేవాడు బలిశాడు. ఆకలిగొన్నవాళ్ళకు ఇంత గంజి పోసి తన మనుషుల్ని చేసుకున్నాడు. చివరికి, సర్కారు ఎవడి ఆస్తినీ ముట్టుకోకూడదన్న ర్యాన్ తానే ఫాంటేన్ కంపెనీని స్వాధీనం చేసుకున్నాడు. ఇదంతా ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. కారుతున్న గోడలు, చిరిగిన పోస్టర్లు, అక్కడక్కడా దొరికే టేపులే చెబుతాయి. ఆటలో మొదటి గొప్పతనం ఇదే.

రెండోది అంతకన్నా పెద్దది. దాన్ని చెప్పాలంటే కథలోని గుట్టు విప్పాలి. ఆడదలచుకున్నవారు రెండు పేరాలు దాటి చదవండి.

జాక్‌కు దారి చూపేవాడు అట్లాస్. మనిషి ఎదురుగా ఉండడు, రేడియోలో గొంతు మాత్రం వినిపిస్తుంది. భార్యాబిడ్డలు చిక్కుకుపోయారంటాడు. ఎంతో మర్యాదగా, దయచేసి ఈ పని చేసిపెడతారా అని అడుగుతాడు. మనం చేస్తాం. ఆటలో అలాగే చెయ్యాలి కదా! సగం దాటాక బయటపడుతుంది, ఆ 'దయచేసి' అనే మాటే తాళంచెవి అని. అది వింటే కాదనలేకుండా జాక్‌ను చిన్ననాడే తయారుచేశారు. ఆ గొంతు ఫాంటేన్‌ది. ర్యాన్ ఆ మాటే పలికి, తనను చంపమని జాక్‌ను ఆజ్ఞాపిస్తాడు. అప్పుడు మీట మన చేతిలో ఉండదు. మన చేతులే కర్ర ఎత్తడం మనం చూస్తూ ఉండాలి.

మా వాడు నావైపు చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంతకు కొద్ది నెలల ముందు మా బ్రాంచికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. తెలుగావిడే, ఎన్నో ఏళ్ళ ఖాతా. గడువు తీరని డిపాజిట్ తీసేయాలంది. "ఎందుకమ్మా" అన్నాను. "ఇంటి పని సార్" అంది. చేతిలో ఫోను, లైను తెగలేదు. అది నా కంట పడింది. అయినా వెనక వరస పెద్దదని సంతకం పెట్టేశాను. మూడో నాడు తెలిసింది. పోలీసులమని చెప్పుకున్నవాళ్ళు ఆమెను రెండు రోజులు ఫోనులోనే కట్టిపడేశారు. ఒక్క దుర్భాష లేదట. "దయచేసి సహకరించండి మేడమ్, దయచేసి ఎవరికీ చెప్పకండి." చిక్కిన డబ్బు కొంతే. బలి చక్రవర్తిని అడిగినవాడూ మర్యాదగానే అడిగాడు, మూడడుగులే అడిగాడు.

ఇక లోపాలు. ఈ ఊళ్ళో 'ఆడమ్' అనే పదార్థం ఉంటుంది. చాలా శక్తుల్ని దానితోనే కొనాలి. దాన్ని చిన్నారి ఆడపిల్లల ఒంట్లో పెంచుతారు. ఆ బిడ్డను చంపితే 160 వస్తుంది, కాపాడితే 80. ధర్మసంకటమే అనుకున్నాను. కాగితం తీసి లెక్కవేశాను. ముగ్గుర్ని కాపాడిన ప్రతిసారీ 200 కానుక వస్తుంది. ఉన్నది 21 మంది. అందర్నీ చంపితే 3360, అందర్నీ కాపాడితే 3080. తేడా ఎనిమిది శాతం పైచిలుకు. పైగా కానుకల్లో వేరే శక్తులు కూడా వస్తాయి. నష్టం లేని పుణ్యం ఎవరికి చేదు? ఖర్చు లేనిచోట పరీక్షా లేదు.

చావుకూ విలువ లేదు. చచ్చినప్పుడల్లా ఒక గాజు గదిలో ఉచితంగా లేచి వస్తాం. దాన్ని ఆపుకొనే వీలు తరువాత ఇచ్చారు.

అసలు లోపం గుట్టు విప్పాక వస్తుంది. నువ్వు కీలుబొమ్మవని చెప్పిన ఆట, మరుక్షణం ఇంకో గొంతును రేడియోలో పెట్టి ఇంకో పని చెబుతుంది. కాదనే మీట అప్పుడూ ఉండదు. చివర ఫాంటేన్‌తో యుద్ధం మామూలు తన్నులాట. క్లింట్ హాకింగ్ అనే మరో ఆటల రూపకర్త 2007లోనే ఇలాంటి తప్పు పట్టాడు. స్వార్థమా పరోపకారమా తేల్చుకొమ్మని ఆడుకునే పద్ధతి అడుగుతుంది, అట్లాస్‌కు సాయపడక తప్పదని కథ నిర్బంధిస్తుంది అని.

"గుట్టు తెలిసినా ఏం లాభం, చెప్పింది చెయ్యాల్సిందేగా" అన్నాను.

"ఆటలో అంతే నాయనా. బ్రాంచిలో నువ్వు ఆగొచ్చు గదా" అన్నాడు.

వాడికి టీచరమ్మ సంగతి ఆ రోజే మొదటిసారి చెప్పాను. మా ఆవిడకు కూడా అప్పుడే తెలిసింది. వాడు ఆట ఆపేశాడు. చాలాసేపు ముగ్గురం అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు ఎవరైనా గడువు తీరని డిపాజిట్ అడిగితే, చేతిలో ఫోను మోగుతుంటే, నేను లేచి వెళ్ళి "ముందు ఆ ఫోను పెట్టేయండి, కాఫీ తాగుదాం" అంటున్నాను. వరస కాస్త ఆలస్యమవుతుంది. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు.

మీకొక మాట. ఫోనులో జరిగే అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. మోసం జరిగిందని తోచిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ సంగతి మన భాషలో, నిదానంగా చెప్పండి. పిల్లలు ఆడే ఆట దగ్గర ఒక గంట కూర్చోండి. నా మట్టుకు నేను ఆ గంట దండగ కాలేదనే అనుకుంటున్నాను.