లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త కూడా అక్కర్లేదా?

ఖిల్లా ఘణపూర్: పెట్రోల్ ఖర్చు భరించలేక మన మండలాల్లోనూ ఎలక్ట్రిక్ బైకులు, స్కూటర్ల వైపు చూస్తున్నారు. 2024 నవంబర్ 18 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర ఈవీ పాలసీ ప్రకారం 2026 డిసెంబర్ 31 వరకు వీటికి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లెక్క బాగానే ఉంది. కానీ కొనేముందు మనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం పోతుంది? బ్యాటరీ పేలదు కదా? బండి ఎవరి చేతికి ఇస్తున్నామన్నది మూడో ప్రశ్న. అసలైంది అదే.

బ్యాటరీ భయం ఊరికే రాలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పైనున్న లాడ్జిలోకి పొగ కమ్మి 8 మంది చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం ఏఐఎస్-156 బ్యాటరీ నిబంధనలను కఠినం చేసి 2022 డిసెంబర్, 2023 మార్చిలో రెండు విడతలుగా అమలు చేసింది. అందుకే పాత బండి కొనేవాళ్లు తయారీ తేదీ తప్పక చూడాలి. పడుకునే గదిలో, మెట్ల కింద, తలుపు దగ్గర చార్జింగ్ పెట్టొద్దు.

ఇక 'లైసెన్సు లేని బండి' సంగతి. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అని టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరిస్తేనే చట్టం దాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. అప్పుడే రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం ఉండదు. ఇదే మాట నమ్మి ఎనిమిదో తరగతి పిల్లల చేతికి తాళం ఇస్తున్నారు. మెకానిక్ దగ్గర స్పీడ్ లాక్ తీయించామా, ఆ మినహాయింపు పోయినట్టే. అప్పుడది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. మైనర్ నడిపి ప్రమాదం చేస్తే మోటారు వాహన చట్టం 199ఎ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, రూ.25 వేల జరిమానా పడొచ్చు. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కూడా ఇంటి జేబులోంచే కట్టాలి. పెట్రోల్‌లో మిగిల్చిన డబ్బు ఒక్క రోజులో పోతుంది.

రోడ్డు మీద ఈ బండి తీరు కూడా వేరు. పెట్రోల్ బండి వేగం చెవికి తెలుస్తుంది, దీని వేగం మీటరు చూస్తేనే తెలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్కసారిగా లాగుతుంది. కొత్తవాళ్లు కొన్ని వారాలు ఎకో మోడ్‌లోనే నడపాలి. బండి ఆగగానే స్విచ్ ఆఫ్ చేయాలి. శబ్దం లేదు కదా అని ఆన్‌లోనే వదిలేస్తే, ముందు కూర్చున్న చిన్నపిల్లాడు యాక్సిలరేటర్ తిప్పినా దూసుకుపోతుంది.

శబ్దం లేకపోవడం ఎదుటివాళ్లకూ ప్రమాదమే. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద పని చేసేవాళ్లు, గొర్రెల మంద వెంట నడిచే కాపరి, చీకట్లో ఫజర్ నమాజుకు వెళ్లే పెద్దలు వెనక బండి వస్తోందని గుర్తించలేరు. దూరం నుంచే హారన్ కొట్టాలి, లైటు వేయాలి, వేగం తగ్గించాలి. వడ్ల మీద, ఇసుక మీద గట్టిగా బ్రేక్ వేస్తే బండి జారుతుంది.

హెల్మెట్ నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ ఉండాలి. చిన్న బండికి చట్టం సడలింపు ఇచ్చిందేమో గానీ, తారు రోడ్డు తలకు సడలింపు ఇవ్వదు.

కొనేరోజు షాపులో టెస్టింగ్ సర్టిఫికెట్ కాపీ అడగండి. ఇవ్వకపోతే ఆ బండి వద్దు. ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్లుంటే, ఆకుపచ్చ నంబర్ ప్లేటుతో, ఇన్సూరెన్స్‌తో వచ్చే బండే మేలు. ట్యాక్స్ మాఫీ ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్‌కు వెనకాడాల్సిన పని లేదు.