మనకెందుకులే!

ఏ బడి స్టాఫ్‌రూముకైనా వెళ్ళి చూడండి, పాఠం చెప్పని మాస్టారు ఒకరు ఉండనే ఉంటారు. మాస్టారే కానక్కరలేదు, టీచరమ్మా కావచ్చు. ఈ ఒక్క విషయంలో ఆడా మగా సమానత్వం ఎప్పుడో వచ్చేసింది. బెల్లు కొట్టిన పావుగంటకి క్లాసులో అడుగుపెట్టడం, "నిన్నటి పాఠం చదువుకోండర్రా" అని ఫోనులో తల దూర్చడం, పరీక్షల ముందు నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాసి చేతులు దులుపుకోవడం! అలాగని ఆయనగారి మీద నేను రాయబోవడం లేదు. రాసినా ఆయన చదవరు. చదివే అలవాటే ఉంటే వ్యవహారం ఇంతదాకా వచ్చేదా? నా పేచీ అంతా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, సర్వం చూస్తూ, "మనకెందుకులే" అనే మంచివాళ్ళతో.

ఈ మంచివాళ్ళు చేసేదేమిటి? ఆయన క్లాసులో గోల లేస్తే వెళ్ళి ఊరుకోబెడతారు. తనిఖీ వస్తోందంటే ఆయన దిద్దని నోటుపుస్తకాలు దిద్దిపెడతారు. ఇంటికెళ్ళి కట్టుకున్నవాడితో చెప్పుకుని వాపోతారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ "టీ తాగారా సార్?"

ఎల్.బి.నగర్ వైపు ఒక బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి నాకు వరసకి మరదలు. పక్క సెక్షను పిల్లలు తన దగ్గరికొచ్చి భిన్నాలు చెప్పించుకుని పోతున్నారట, రెండేళ్ళుగా. "ఆయన్ని అడిగావుటే?" అన్నాను. "ఎలా అడుగుతాను వదినా, పెద్దాయన! పైగా రెండేళ్ళలో రిటైరవుతాడు" అంది. ఎనిమిదో తరగతి పిల్లకి ఎనిమిదో తరగతి ఒక్క ఏడాదే ఉంటుందని ఈ లెక్కల టీచరుకి తట్టలేదు.

ఆ పిల్ల ఏమవుతుందో తెలుసుకోవాలంటే 2018లో ఎల్.బి.నగర్ దాకా వచ్చిన మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే చాలు. కోచింగు బోర్డుల వెనక మేడలు కనపడవు. సందుల్లోకి వెళితే ట్యూషను బోర్డులు. బడిలో చెప్పని పాఠానికి తల్లిదండ్రులు ఇక్కడ రెండోసారి డబ్బు కడతారు. కొత్తపేట రోడ్డు పక్కన పళ్ళబండి పెట్టుకున్నవాడు ఏ డబ్బు కడతాడు? వాడి కూతురికి బడిలో విన్నదే చదువు. అక్కడ వినకపోతే లేదంతే.

"హాజరు వేస్తున్నారుగా!" అంటారేమో. 2003లో దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడులకు చెప్పకుండా వెళ్ళి చూసిన పరిశోధకులకు నూటికి 25 మంది ఉపాధ్యాయులు అసలు కనపడలేదు. పాఠం చెబుతూ కనపడ్డవారు సుమారు సగమే. అంటే బడికి వచ్చి కూడా చెప్పనివారు మరో పాతికమంది! ముఖం చూసి హాజరు వేసే యంత్రాలు ఎన్ని పెట్టినా అవి ముఖాన్నే చూస్తాయి. పాఠం జరిగిందో లేదో తెలిసేది పిల్లలకి, గోడకవతల ఉన్న టీచరుకి. పిల్లలు నోరెత్తలేరు. మరి ఎవరు ఎత్తాలి?

కష్టంలో ఉన్నవారి సంగతి వేరు. తల్లి ఆస్పత్రిలో ఉంటేనో, ఎన్నికల పనికీ జనాభా లెక్కలకీ ప్రభుత్వమే పంపితేనో వారి క్లాసు మనం చూడవలసిందే. నెల్లాళ్ళ కష్టానికి సాయం చేస్తాం గాని, పన్నెండేళ్ళ అలవాటుకి కాదు గదా!

ముందు ఆయన్నే, ఒంటరిగా, మర్యాదగా అడగండి: "సార్, మీ పిల్లలు నా దగ్గరికొస్తున్నారు. భిన్నాలు ఎప్పుడు మొదలుపెడతారు?" మారకపోతే ఆయన క్లాసు ఊరుకోబెట్టడం మానెయ్యండి. ఆ గోల హెడ్మాస్టరు గది దాకా వెళ్ళనివ్వండి. అప్పటికీ కదలకపోతే ఏ తేదీన ఏ పాఠం జరగలేదో కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇవ్వండి. ఆకాశరామన్న ఉత్తరాలు వద్దు, వాటితో అనుమానం అందరి మీదా పడుతుంది. సమయానికి రావడం, సిలబసు వేళకి పూర్తి చెయ్యడం, వెనకబడ్డ పిల్లకి అదనంగా చెప్పడం ఉపాధ్యాయుడి విధులని 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షనులో రాసే ఉంది. చర్య తీసుకునే ముందు ఆయన మాటా వినాలని అందులోనే ఉంది, కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

ప్రైవేటు బడిలో ఆయన కరస్పాండెంటుగారి బావమరిది అయితే? ఒక్కరూ వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. నలుగురినీ ఒక్కసారి తీసెయ్యడం, అదీ సంవత్సరం మధ్యలో, అంత సులువు కాదు. ప్రభుత్వ బడి అయితే యాజమాన్య కమిటీ ఉంది. అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. చాలాచోట్ల వారికి టీ ఇచ్చి, సంతకం పుచ్చుకుని పంపేస్తుంటారు. ఈసారి ఆ టీతోబాటు మీ కాగితం నకలు కూడా చేతిలో పెట్టండి.