ఏప్రిల్ నీళ్ల కోసం లద్దాఖ్ పాట్లు

లేహ్‌లో ఏడాదికి పడే వానా మంచూ కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. మన కరువు జిల్లా అనంతపురంలో 550 దాకా పడుతుంది. అయినా అక్కడ బార్లీ, బఠాణీ, ఆప్రికాట్ పండుతున్నాయంటే అది కొండ మీది మంచు చలవే. ఇప్పుడు ఎండలు ముదిరి ఆ మంచు వేళ తప్పుతోంది. ఊళ్లకు దగ్గర్లోని చిన్న హిమానీనదాలు తరిగిపోయాయి. ఏప్రిల్, మేలలో విత్తే వేళకు వాగులో నీరుండదు. ఎక్కడో ఎత్తున ఉన్న మంచు కరిగి ప్రవాహం పోటెత్తేసరికి జూన్ దాటుతుంది. కురిస్తే కుండపోత: 2010 ఆగస్టు వరదలో 200 మందికి పైగా పోయారు.

చలికాలంలో మాత్రం వాగు సన్నగా పారుతూ ఎవరికీ పనికిరాకుండా సింధులో కలుస్తుంది. ఇంజినీరు చెవాంగ్ నోర్ఫెల్ 1980లలో ఆ నీటిని కొండ నీడకు మళ్లించి, అడ్డంగా రాతి కట్టలు కట్టించారు. నడక మందగించిన నీరు పొరలు పొరలుగా గడ్డకట్టింది. ఆ మంచు ఊరికి దగ్గర్లో, తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి ముందే కరుగుతుంది. 2013-14 చలికాలంలో సోనమ్ వాంగ్‌చుక్ బృందం ఇంకో దారి పట్టింది. ఎగువ నుంచి గొట్టంలో వచ్చే నీరు మోటారు లేకుండానే తన ఒత్తిడితో పైకి చిమ్మి, రాత్రి చలికి స్తూపంలా, శంకువు ఆకారంలో పేరుకుంటుంది. ఎండ సోకే పైభాగం తక్కువ కనుక వసంతం దాకా నిలుస్తుంది. గొట్టాల్లోనే నీరు గడ్డకట్టి పని ఆగిపోయే తిప్పలూ లేకపోలేదు.

ఆ మంచు స్తూపం ఫొటో మన పత్రికల్లోనూ వచ్చింది. చుర్పోన్ ఫొటో రాలేదు. లద్దాఖ్ ఊళ్లలో ఏ పొలానికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లో వంతు తీర్చే మనిషిని చుర్పోన్ అంటారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది ఆయన్నే.

రాయలసీమ చెరువుల కింద ఆ పని నీరుగంటి చేసేవాడు. తూము తెరిచి, మడవలు మళ్లించి, కోతలప్పుడు మేరగా ధాన్యం తీసుకునేవాడు. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి. చాలా ఊళ్లలో ఆయన పని పోయింది. 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టుకున్నాం గానీ, సంఘం తీర్మానం రాత్రి రెండింటికి వెళ్లి తూము మూయదు కదా.

మనం ఏటా ఎన్ని మిల్లీమీటర్లు పడిందో లెక్క రాసుకుంటాం. లద్దాఖీ రైతు నీళ్లు ఏ వారంలో వస్తాయో చూస్తాడు. మన చెరువుల్లోనూ తూముకు నీరందిన ఆఖరి తేదీని ఏటా రాసిపెట్టుకుంటే, వరి వేయాలో వేరుశనగ వేయాలో విత్తకముందే మాట్లాడుకోవచ్చు. దానికి కావలసింది ఒక నోటు పుస్తకం, జీతం ముట్టే ఒక నీరుగంటి.