కుడితి బకెట్ చూశారా?

ఏ సర్కారు బడికైనా మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్లండి. హెడ్మాస్టరు గదికి కాదు, పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి. అక్కడో బకెట్టో, ప్లాస్టిక్ డ్రమ్మో ఉంటుంది. పిల్లలు వరసగా వచ్చి పళ్లేలు అందులో దులిపి పోతుంటారు. సగం సగం తిన్న అన్నం, పప్పులో తేలిన సొరకాయ ముక్కలు, కొరికి వదిలేసిన పచ్చసొన. సాయంత్రానికి అది ఎవరింటి గేదెకో కుడితి అవుతుంది. రిజిస్టర్లో మాత్రం ఆ రోజు అందరూ తిన్నట్టే.

బడి భోజనం పత్రికల మొదటి పేజీకి ఎక్కేది పిల్లలు వాంతులు చేసుకున్నప్పుడే. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో, పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాల పిల్లలు మధ్యాహ్న భోజనం తిని ఆస్పత్రి పాలయ్యారు. అలాంటప్పుడు అధికారులు జీపుల్లో పరుగెత్తుకొస్తారు. రావాల్సిందే. మేం హెచ్చరిస్తున్నది ఎవరినీ పరుగెత్తించని ఇంకో ప్రమాదం గురించి. అన్నం వడ్డిస్తున్నారు, పిల్ల తినడం లేదు. తినలేదన్న సంగతి ఎక్కడా నమోదు కావడం లేదు.

ఈ పథకం ఎవరో దయతలచి పెట్టింది కాదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని పిల్లల హక్కు చేసింది. కాగితం మీద కొలతలు బాగానే ఉన్నాయి. ఐదో తరగతి వరకు పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అంతా కలిపి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాములు. ఈ లెక్కలన్నీ గిన్నెలోకి వెళ్లే సరుకుకే. పిల్ల పొట్టలోకి వెళ్లినదానికి లెక్క లేదు.

ఎందుకు తినడం లేదంటే పెద్దలు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: ఈ కాలం పిల్లలకు నాలుక పెరిగింది, ఇంట్లో గారాబం ఎక్కువైంది. మేం ఒప్పుకోం. ఒక్కసారి వంటమ్మ పొయ్యి దగ్గర కూర్చుని లెక్క వేయండి. బియ్యం విడిగా వస్తాయి. మిగతా వంటకు 2025 మే నుంచి చిన్న తరగతుల పిల్లకు 6 రూపాయల 78 పైసలు. కందిపప్పు కిలో 120 అనుకుంటే 20 గ్రాములకు 2.40. నూనె కిలో 150 అయితే 75 పైసలు. కూరగాయలు కిలో 40 చొప్పున రెండు రూపాయలు. మొత్తం 5.15. మిగిలిన రూపాయి అరవై మూడు పైసల్లోనే చింతపండు, ఉప్పు, కారం, పోపు సామాను, గ్యాసు. కందిపప్పు 180కి ఎగబాకిన రోజున పప్పుకే 3.60 పోతుంది. అప్పుడు ఆమె చేయగలిగింది ఒక్కటే, పప్పులో ఇంకో రెండు చెంబులు నీళ్లు పోయడం. బిల్లులేమో నెలల తరబడి రావు. కొట్టులో అరువు పెరుగుతుంది, అరువు పెరిగిన కొద్దీ సరుకు నాణ్యత తగ్గుతుంది. ఆమెకు కేంద్రం లెక్క ప్రకారం ఇచ్చే గౌరవ వేతనం 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయల దగ్గరే ఆగింది. నీళ్ల పప్పును నీళ్ల పప్పు అన్న పిల్లవాడిదా తప్పు?

అదే పిల్లవాడు గేటు దాటితే కొట్టు ముందు ఐదు రూపాయల ప్యాకెట్ల తోరణాలు. ఐదు రూపాయలంటే, పైన చెప్పిన వంట ఖర్చుకు ఓ రూపాయి ముప్పావలా తక్కువ, అంతే. ఆ ప్యాకెట్‌లో ఉప్పు, పులుపు, కరకర ఏ రోజూ మారవు. బడి సాంబారు మాత్రం సోమవారం ఒకలా, బుధవారం ఒకలా ఉంటుంది. ఈ పోటీలో ఏ ఎనిమిదేళ్ల పిల్ల ఎటు వెళ్తుందో చెప్పక్కర్లేదు. పొద్దున టీ, బిస్కెట్, మధ్యాహ్నం నాలుగు మెతుకులు, సాయంత్రం ప్యాకెట్. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. టేపు పట్టుకుని ఆ 50 మీటర్లు కొలిచిన అధికారిని చూశారా? (కొట్టు పెట్టుకున్న ముసలమ్మ మీద పడమని మా ఉద్దేశం కాదు. ఆమె ఉడికించిన పల్లీలు, జామకాయలు, పల్లీపట్టీ అమ్మినా ఆ ఐదు రూపాయలు ఆమెకు వస్తాయి.)

దీని ఫలితం రక్తంలో తేలుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో ప్రతి ఐదుగురిలో ముగ్గురికి రక్తహీనత. దీనికి మందుగా బడిలో వారానికో నీలిరంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అన్నం తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర అది. అన్నం డ్రమ్ములో పారేసి, ఖాళీ కడుపుతో మాత్ర మింగిన పిల్లకు కడుపులో తిప్పుతుంది. ఆ పిల్లను చూసి పక్క పిల్లకు భయం. మరుసటి వారం మాత్రలు కిటికీలోంచి బయటికి.

ఇనుము చేర్చిన బియ్యం కథా ఇంతే. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా ఒత్తి, వంద కిలోలకు ఒక కిలో చొప్పున మామూలు బియ్యంలో కలిపారు. అవి కాస్త పసుపుగా ఉంటాయి, కడిగేటప్పుడు నీళ్లలో తేలుతాయి. ప్లాస్టిక్ బియ్యమని ఊరూరా పుకారు లేచింది. కొందరు కడిగేటప్పుడే తీసి పారబోశారు. పిల్లలు వాటిని ఏరి పళ్లెం అంచున పెట్టారు. పోషకాలు చేర్చామని ప్రకటించినవాళ్లు ఆ గింజ గురించి తల్లికీ వంటమ్మకూ ముందే రెండు మాటలు చెప్పి ఉంటే ఇంత అయ్యేదా?

బాగున్నవి లేకపోలేదు. గుడ్డు వచ్చిన రోజున హాజరు పెరుగుతుందని ఏ టీచరునడిగినా చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు గుడ్లు, చిక్కీ, రాగిజావ మెనూలో ఉన్నాయి. కానీ ఉండకట్టిన రాగిజావను మొదటిసారి ముక్కు మూసుకుని తాగిన పిల్ల రెండోసారి గ్లాసు పట్టదు. కొత్త రుచి పిల్లల నాలుకకు అలవాటు కావాలంటే పదిసార్లు, ఒక్కోసారి అంతకు మించి, కొద్దికొద్దిగా పెట్టాలి. బెదిరిస్తే అలవాటు కాదు. అనంతపురం పిల్లకు రాగి సంగటి అమ్మమ్మ చేతి ముద్ద. శ్రీకాకుళం పిల్లకు చోడి (రాగి) అంబలి తెలుసు. తెలిసిన రుచిలోంచి తెలియని దాంట్లోకి తీసుకెళ్లే తెలివి రాజధానిలో టైపు చేసిన మెనూకు ఎక్కడినుంచి వస్తుంది?

ప్రైవేటు బడి క్యారేజీ కట్టే తల్లిదండ్రులు ఇది తమకు సంబంధించింది కాదనుకోవద్దు. రెండు నిమిషాల్లో ఉడికే నూడుల్స్, జామ్ పూసిన బ్రెడ్డు పెట్టిన స్టీలు డబ్బాలోనూ లోటు ఇదే. ఖరీదు మాత్రం ఎక్కువ.

ప్రభుత్వాలను మేం అడిగేది పెద్ద పథకమేం కాదు. గుడ్ల లెక్క పంపినట్టే, పళ్లేల్లో మిగిలిన అన్నాన్ని రోజూ తూకం వేసి పంపమనండి. ఏ వంట ఏ బడిలో ఎంత కుడితిలోకి పోతోందో నెల రోజుల్లో తెలిసిపోతుంది. ఆ వంటను మార్చండి, కందిపప్పు ధర పెరిగిన నెలలోనే రేటు పెంచండి, బిల్లు నెల తిరక్కుండా ఇవ్వండి. వడ్డించే ముందు ఉపాధ్యాయుడు రుచి చూడాలన్న నిబంధన సంతకంతో తీరిపోకూడదు. ఆయన కూడా పిల్లల వరసలో కూర్చుని అదే పళ్లెం పూర్తిగా తినాలి.

తల్లులారా, తండ్రులారా, ఈ సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే "తిన్నావా?" అని అడక్కండి. అడిగితే ఊ అంటుంది. ఏం పారేశావు, ఎందుకు పారేశావు అని కోపం లేకుండా అడగండి. ఆమె చెప్పింది రాసుకుని, వచ్చే సోమవారం ఒంటిగంట పావుకి బడికి వెళ్లి, ఆ డ్రమ్ము మూత తీసి చూడండి.