నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా

మెదడులో చిట్లిన రక్తనాళానికి ఆపరేషన్ అయిపోతే గండం గడిచిందనుకుంటాం. మెదడు పొరల మధ్య రక్తం చేరే సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్‌లో అలా అనుకోవడానికి లేదు. రెండో దెబ్బ సాధారణంగా నాలుగో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య పడుతుంది. బయటికొచ్చిన రక్తం విచ్ఛిన్నమయ్యే క్రమంలో చుట్టుపక్కల ధమనులు బిగుసుకుపోతాయి. దాన్నే వాసోస్పాజమ్ అంటారు. అప్పుడు రక్తం అందని చోట మెదడు చచ్చుబడి చెయ్యి పడిపోవచ్చు, మాట పోవచ్చు.

దీన్ని ముందే పసిగట్టే సాధనాల్లో ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ ఒకటి. 1982లో రూనె ఆస్లిడ్, ఆయన సహచరులు ఈ పద్ధతిని పరిచయం చేశారు. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెట్టి లోపలి ధమనిలో రక్తవేగం కొలుస్తారు. నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే ధార జోరుగా చిమ్ముతుంది కదా, ధమని సన్నబడినా అంతే. మిడిల్ సెరిబ్రల్ ధమనిలో సగటు వేగం సెకనుకు 120 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి, 200 దాటితే తీవ్రమనుకోవాలి. మెడలోని ధమని వేగంతో పోల్చి నిష్పత్తి కూడా చూస్తారు. అంకె పెరిగితే యాంజియోగ్రామ్ తీయొచ్చు, రక్తపోటు పెంచి చూడొచ్చు, ధమనిలోకే మందు ఎక్కించొచ్చు. రేడియేషన్ లేదు, మంచం దగ్గరికే మిషన్ వస్తుంది. కానీ నిన్నటి అంకె లేకపోతే ఇవాళ్టి అంకె పెద్దగా ఏమీ చెప్పదు. అంటే ఈ వైద్యంలో అసలు సరుకు మిషన్ కాదు, రోజులు.

ఆ రోజులు ఎవరికి దక్కుతాయి? భిలాయిలో కార్మికుల్ని రెండు మాటలు విడదీస్తాయని జొనాథన్ ప్యారీ తన పరిశోధనలో చూపించాడు: నౌకరీ, కామ్. ఉక్కు కర్మాగారంలో పర్మనెంటు నౌకరీ ఉన్నవాడికి సెక్టార్ 9 ఆసుపత్రి హక్కు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఫౌండ్రీల్లో, ఫాబ్రికేషన్ షాపుల్లో కామ్ చేసేవాడికి, కాంట్రాక్టరు చందా కడితే ఈఎస్‌ఐ, కట్టకపోతే అదీ లేదు. ఆ కామ్‌లో సత్నామీలున్నారు, ఆదివాసులున్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన మన దళిత బహుజన కుటుంబాలూ ఉన్నాయి.

ఫీల్డ్‌వర్క్‌లో ఒక హెల్పర్ భార్య నాతో అంది: "ఆపరేషన్ బాగయ్యింది, బేగి ఇంటికెళ్లిపోండన్నారు తమ్ముడూ. రోజుకింత బిల్లు అవుతాదని మేమూ ఒచ్చేసినాం." ఆరో రోజున ఇంటికొచ్చారు. ఎనిమిదో రోజు పొద్దున ఆయన కుడిచేత్తో గ్లాసు పట్టుకోలేకపోయాడు. మళ్లీ ఆసుపత్రికి చేరేసరికి రాత్రయింది.

రోజువారీ డాప్లర్ వల్ల ఫలితాలు మెరుగవుతాయనడానికి గట్టి రుజువు లేదని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. కొందరి కణత ఎముక గుండా ధ్వని పోదు, కొలిచే చేతిని బట్టి అంకె మారుతుంది. అయినా అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023 మార్గదర్శకాలు ఈ పర్యవేక్షణ సమంజసమే అంటున్నాయి. పైగా రుజువు చాలదన్న వాదన కార్పొరేట్ ఐసీయూలో వినపడదు, జనరల్ వార్డులోనే వినపడుతుంది. డాప్లర్ లేని చోట గంటగంటకూ చూసే నర్సైనా ఉండాలి. ఇంటికి పంపేస్తే ఆ రెండూ ఉండవు. నిమోడిపిన్ మాత్రే నాలుగు గంటలకోసారి 21 రోజులు వేయాలి. రోజుకూలీకి అది మూడు వారాల కూలి.

వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే, 1944లో, కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక వచ్చింది. 1948 ఈఎస్‌ఐ చట్టానికి పునాది అదే. జబ్బు పడ్డ రోజులకు కూడా డబ్బివ్వాలన్నది ఆ చట్టంలోనే ఉంది. ఇవాళ ఈఎస్‌ఐ వేతన పరిమితి నెలకు 21,000 రూపాయల దగ్గర ఆగింది. ఆయుష్మాన్ భారత్ ఏమో ప్రధానంగా ప్రొసీజర్ లెక్కన ప్యాకేజీ కడుతుంది. ప్యాకేజీలో క్లిప్పుకో కాయిల్‌కో పేరుంటుంది, కనిపెట్టుకుని కూర్చోవడానికి ఉండదు.

కాబట్టి అడగాల్సింది మరో మిషన్ ఒక్కటే కాదు. ఈ జబ్బుకు పద్నాలుగో రోజు ముందు డిశ్చార్జి చేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ పడక రోజులకు విడిగా చెల్లించాలి. దుర్గ్, రాయ్‌పూర్ ప్రభుత్వాసుపత్రుల టెక్నీషియన్లకు ప్రోబ్ పట్టడం నేర్పాలి. ముందుగా, హథ్‌ఖోజ్‌లో ఏ కాంట్రాక్టరు ఎవరి పేరున ఈఎస్‌ఐ చందా కడుతున్నాడో ఆ జాబితా గేటు దగ్గర అంటించాలి.