నెగటివ్ అంటే భయపడాలా?

ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరీక్షకు పంపాము. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజున రిపోర్టు చూసి, "నెగటివ్, ఇక వెళ్ళవచ్చు" అన్నారు డాక్టరు గారు. కాసేపటికి వరండాలో బల్ల మీద కూర్చొని ఆ అమ్మ ఏడుస్తుంటే మా ఆయమ్మ చూసింది. నెగటివ్ అంటే క్యాన్సర్ లేదని అర్థం. ఆమె మాత్రం తన పని అయిపోయిందనుకున్నది. పక్కనే ఉన్న మేము ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పలేదు. తప్పు మాదే.

రౌండ్స్‌లో మన పల్లెల వారు అన్నింటికీ "సరే సార్" అంటారు. అది గౌరవం. అర్థమైనట్లు కాదు. ధర్మవరం నేతపని చేసే ఒకాయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. "హెవీ వర్క్ వద్దు" అన్నాము, సరేనన్నాడు. కూర్చొని చేసేది బరువు పని ఎట్లవుతుందని వారానికే మగ్గం గుంటలో దిగి కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టాడు. కుట్ల దగ్గర వాచి మళ్ళీ వచ్చాడు. "మగ్గం ఎక్కవద్దు" అని ఉంటే సరిపోయేది.

భయం కూడా ఒంటికి చేటే. కడుపు ఆపరేషన్ అయినవారు కుట్లు ఊడతాయని దగ్గరు, లేచి నడవరు. అప్పుడు కళ్ళె ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియా రావచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. దిండును కడుపుకు అదిమి పట్టుకొని దగ్గితే నొప్పి తక్కువగా ఉంటుంది. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు, సిస్టరుకు చెప్పండి. "గ్యాస్ పోయిందా?" అని అడిగితే సిగ్గుపడకండి. పేగులు కదులుతున్నాయో లేదో తెలుసుకోవడానికే అడుగుతాము. ఇక పప్పు తింటే చీము పడుతుందని ఇంట్లో పెద్దలు వట్టి చారన్నం పెడతారు. డాక్టరు వద్దంటే తప్ప పప్పు, గుడ్డు మానవద్దు. పుండు మానడానికి అవే కావాలి.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఎన్నడూ పెద్దాసుపత్రి గడప తొక్కనివారు కూడా అప్పటి నుంచి ఆపరేషన్లకు వస్తున్నారు. మన మాటలు మాత్రం వారి దాకా దిగలేదు. రోగికి తెలిసిన భాషలోనే వివరాలు చెప్పాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నది. హిందూపురం వైపు వారికి కన్నడం, కొందరికి ఉర్దూ అయితేనే బాగా అందుతుంది. ఆ భాష వచ్చినవారిని పిలవమని అడగండి. చిన్నపిల్లల చేత మాత్రం చెప్పించవద్దు. తల్లి జబ్బు సంగతి పిల్లవాడి నోట రావడం మంచిది కాదు.

మా సిస్టర్లకు ఒకటే చెబుతున్నాము: "అర్థమైందా?" అని అడగవద్దు, "ఇంటికి పోయి ఏమి చేస్తావో నాకు చెప్పమ్మా" అని అడగండి. మీరూ అలాగే చేయండి. డిశ్చార్జ్ కాగితం చదివి చెప్పకుండా చేతిలో పెడితే, దాన్ని తిరిగి మా చేతికే ఇవ్వండి.