పొగడ్తా ఒక జాతకమే

నాలుగేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక వక్తృత్వ క్లబ్బులో చేరాను. ముప్పయ్యేళ్ళుగా హేతువాద సభల్లో మాట్లాడుతున్నవాణ్ణి, కొత్తగా నేర్చుకునేది ఏముంటుందిలే అనుకున్నాను. మాట్లాడటం వచ్చినంత మాత్రాన విమర్శించడం రాదని అక్కడే తెలిసింది.

ఇలాంటి క్లబ్బులకు దారి చూపింది టోస్ట్‌మాస్టర్స్. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టాడు. పద్ధతి సులువు. ఒక సభ్యుడు 5 నుంచి 7 నిమిషాలు మాట్లాడతాడు. మరొకరు లేచి 2, 3 నిమిషాల్లో ఆ ఉపన్యాసం ఎలా ఉందో అందరి ముందూ చెబుతారు. టైము చూసేవారు ఒకరు, మధ్యలో దొర్లే 'ఆ'లు, 'ఊ'లు లెక్కపెట్టేవారు ఇంకొకరు. మా క్లబ్బూ ఇదే తీరులో నడుస్తుంది.

నాకు మొదటిసారి విమర్శ అప్పగించిన రోజున ఒక కుర్రాడు, హోమియోపతితో తన ఉబ్బసం తగ్గిందని మాట్లాడాడు. నేను లేచి, 30సి పొటెన్సీ అంటే 1 పక్కన 60 సున్నాలంత పలచన అనీ, ఆ గోళీలో మందు అణువు ఒక్కటి కూడా మిగలదనీ మూడు నిమిషాలూ దంచేశాను. సభ అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "మీరు అతని ఉపన్యాసం గురించి చెప్పలేదండీ, మీ ఉపన్యాసం మీరు ఇచ్చారు" అన్నారు.

కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ కుర్రాడు ఎలా మొదలుపెట్టాడో, ఎలా ముగించాడో ఒక్కటీ గుర్తు లేదు. నేను చెప్పిన సైన్సులో తప్పు లేదు. కాని అతను మళ్ళీ క్లబ్బుకు రాలేదు.

అలాగని మిగతావారి పద్ధతీ నాకు నచ్చలేదు. "చాలా బాగా మాట్లాడారు. ఆత్మవిశ్వాసం ఇంకొంచెం పెంచుకోండి. మీలో మంచి వక్త ఉన్నాడు." ఈ మాటలు ఎవరికి సరిపోవు? 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితమంటూ అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు! మన పొగడ్తలూ అలాంటి కాగితాలే. వక్త సంతోషిస్తాడు, నేర్చుకునేది ఏమీ ఉండదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. తప్పయితే తప్పని తేల్చడానికి వీలున్న మాటే చెప్పాలి. "రెండో నిమిషంలో అంకెలు చదువుతూ తల దించేశారు, వెనక వరసకు వినబడలేదు. ఈసారి మూడు అంకెలే చెప్పి చూడండి." ఇది ఆ వక్తకే వర్తిస్తుంది. కాదనదలిస్తే అతను కాదనవచ్చు కూడా.

కిందటేడు ఈ నియమానికి పరీక్ష వచ్చింది. ఒకావిడ చాలా చక్కగా మాట్లాడారు. ఏదో పొడి వాడాక వాళ్ళ మామగారికి షుగరు తగ్గిందనీ, మాత్రలు మానేశారనీ చెప్పారు. హాలంతా చప్పట్లు. నేను లేచి, ఆవిడ మొదలుపెట్టిన తీరు ఎందుకు పట్టుకుందో ముందు చెప్పాను. తర్వాత, "తగ్గిందన్నారు, ముందెంత, తర్వాతెంత చెప్పలేదు. నాలాంటి శ్రోత అక్కడే ఆగిపోతాడు" అన్నాను. నమ్మకాన్ని తిట్టలేదు, రుజువు అడిగాను. రుజువు కూడా ఉపన్యాసంలో భాగమే కదా. డాక్టరును అడగకుండా మాత్రలు మానడం ప్రమాదమన్న మాట మాత్రం, సభ అయిన వెంటనే ఆవిడతో విడిగా, సూటిగా చెప్పాను.

"ఆ అంకెలు ఎలా తెలుస్తాయండీ?" అని అడిగారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉందన్నాను. పొడి మీద నమ్మకం పోయిందని అనుకోను. కాని పరీక్ష పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళారు. ఆ కుర్రాడి విషయంలో నేను ఆ మాత్రం కూడా సాధించలేదు.

ఇక మన సంఘాల సంగతి. బాబాలను ప్రశ్నించమని ఊరూరా చెబుతాం. మన వక్త ముగించగానే చప్పట్లు కొట్టి, శాలువా కప్పి పంపిస్తాం. అతను చెప్పిన లెక్క తప్పయినా, గంటసేపు విసిగించినా ఎవరూ నోరు విప్పరు. ప్రతి ఉపన్యాసం తర్వాత ఒక సభ్యుడికి మూడు నిమిషాలు ఇస్తే ఏం పోతుంది?

వచ్చే నెల సభలో మాట్లాడేది నేనే. ఎవరు లేస్తారు?